గోడకు ముందు గోడ



ఆకాశయానమును గూర్చి మాట వచ్చినపుడెల్ల మా బొల్లారమున పెద్దలు నన్నొక ప్రశ్న అడుగుచుందురు. "నింగిలో రాళ్లు తిరుగుచుండునని అందురు గదా! ఆ ఓడకు నాలుగంగుళముల ఉక్కు తొడిగిన చాలదా?" అని. బొల్లారము, పటాన్‌చెరు ప్రాంతముల వారికి లోహము క్రొత్త వస్తువు కాదు. జొన్నచేలున్న తావున కర్మాగారములు లేచుటను ఈ పెద్దలు కన్నులార చూచినవారు. రేకును కోయుట, వంచుట, అతుకుట వారి బిడ్డలలో అనేకులకు జీవనాధారము. కావున వారి ప్రశ్న తెలిసినవారి ప్రశ్నయే. అయినను దానికి సమాధానము "చాలదు" అనియే చెప్పవలసియున్నది. ఏల చాలదో, మఱి యేది చాలునో, చాలునన్నదియు ఎంతవఱకు చాలునో నేటి ప్రసంగమున మనవి చేసెదను. ఇది యంత్రముల కథవలె కనబడినను నిజమునకు గోడల చరిత్ర.

ముందుగా మనకందఱకు తెలిసిన గోడను చూతము. గోలకొండ కాకతీయుల కాలమున మట్టికోటగా మొదలై, కుతుబ్ షాహీ ప్రభువుల చేతులలో 16వ శతాబ్దమున రాతికోటయై పెరిగినది. దానికి 87 బురుజులు, ఎనిమిది ద్వారములు కలవని చెప్పుదురు. బాలాహిస్సారు ద్వారమున ప్రవేశింపబోవువానికి మొదట ఎదురగునది తలుపు కాదు. తలుపున కడ్డముగా, దానికి కొంత యెడముగా నిలిచిన వేఱొక గోడ. తెలియనివానికి అది అక్కఱలేని కట్టడముగా తోచును. కాని నాటి యుద్ధములలో ఏనుగులను తలుపులపైకి తోలుట పరిపాటి. ఏనుగు బలము సగము దాని పరువులో నున్నది. ఎదుట అడ్డుగోడ యున్నచో ఏనుగు నేరుగా పరుగెత్తి రాజాలదు. గోడను చుట్టి, మలుపు తిరిగి, మెల్లగా రావలెను. దెబ్బ తలుపును చేరకముందే దాని బలము విఱిగిపోవును. కట్టినవాడు తలుపు మందమును పెంచుటతో తృప్తిపడలేదు. తలుపునకు ముందొక అడ్డు పెట్టి, నడుమ చోటు విడిచినాడు.

1687లో ఔరంగజేబు సేనలు ఈ కోటను సుమారు ఎనిమిది మాసములు ముట్టడించినవి. ఫిరంగులతో కొట్టినవి, సొరంగములు త్రవ్వి మందుగుండు పేల్చినవి. గోడలు లొంగలేదు. ఆ ముట్టడి ఎట్లు ముగిసెనో ప్రసంగము చివర చెప్పెదను.

పిమ్మటి రెండు శతాబ్దములు గోడకును గుండునకును పందెము సాగినది. గుండు బలిసిన కొలది గోడ మందమగుచు వచ్చెను. రాతి తావున ఇనుము, ఇనుము తావున ఉక్కు వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఈ పందెము మలుపు తిరిగినది. లోపల గరాటువలె గుంట చేసి, ఆ గుంటకు రాగిరేకు తొడిగిన మందుగుండును ప్రయోగించుట మొదలిడిరి. అది పేలినపుడు రాగిరేకు సన్నని ధారయై సెకనుకు 8 కిలోమీటర్ల ప్రాంతపు వేగముతో ముందుకు చిమ్మును. ఆ ధార యెదుట మందమైన ఉక్కు సైతము బురదవలె ప్రక్కలకు తొలగును. అంతట ఒకే మందపు పలకను నమ్ముకొనుట తగదని తేలినది; వేఱువేఱు గుణములు గల పదార్థములను పొరలు పొరలుగా పేర్చు పద్ధతి వచ్చినది.

ఈ పద్ధతికి మన సమీపమునందే నిదర్శనము కలదు. హైదరాబాదులో కాంచన్‌బాగునందలి రక్షణ లోహపరిశోధనశాలలో రూపొందిన పొరల కవచమునకు ఆ పేటను బట్టియే "కాంచన్" అని పేరిడిరి. అర్జున్ టాంకునకు అదియే కవచము. మా సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారమున 1984లో నెలకొల్పిన ఆయుధ కర్మాగారము సైనికులను మోసికొనిపోవు "సారథ్" అను కవచశకటములను నిర్మించినది. కావున కవచవిద్య మన ప్రాంతమునకు పరాయిది కాదు. అయినను భూమిమీది కవచమునకును ఆకాశమందలి కవచమునకును ఒక పెద్ద భేదము కలదు. ఆ భేదము వేగము.

భూమికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఓడ సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. ఆ వేగమున హైదరాబాదునుండి బెజవాడ చేరుటకు అరనిమిషము చాలును. భూమినంతయు చుట్టి వచ్చుటకు గంటన్నర చాలును. ఎదురుగనో అడ్డముగనో వేఱొక తునుక అంతటి వేగముతోనే వచ్చినచో ఆ రెండు వేగములు కలిసి సెకనుకు 10 కిలోమీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు అగును. తుపాకిగుండు వేగము సాధారణముగా సెకనుకు ఒక కిలోమీటరైనను ఉండదు. వేగము రెండింతలైనచో దెబ్బలోని శక్తి నాలుగింతలగును, పదింతలైనచో నూఱింతలగును. పెద్ద సెనగగింజయంత, అనగా ఒక సెంటీమీటరు అడ్డుకొలత గల అల్యూమినియపు ఉండ ఒకటిన్నర గ్రాము తూగదు. అదియే సెకనుకు 10 కిలోమీటర్ల వేగముతో తగిలినచో, వేయి కిలోల మోటారుకారు గంటకు 40 కిలోమీటర్లకు పైబడిన వేగముతో వచ్చి గ్రుద్దినంత శక్తి యుండును. ఆ శక్తి యంతయు గింజ పట్టునంత చోటులో పడును. 1983 జూనులో చాలెంజర్ అను అమెరికా వ్యోమనౌక కిటికీ అద్దమునకు ఒక గుంట పడినది. పరిశీలింపగా దానికి కారణము ఎన్నడో ఏ యంత్రమునుండియో ఊడిపోయిన రంగుపెచ్చు. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో అయిదవ వంతు మాత్రమే!

అంతటి వేగమున లోహము మనమెఱిగిన లోహమువలె ప్రవర్తింపదు. దీనిని ఒక ఉపమానముతో చెప్పెదను. ఊరిచివర ఇంటిలో దొంగలు పడినారనుకొనుడు. ఇంటివారు కేక వేయుదురు. ఆ కేక విని ఊరివారందఱు కఱ్ఱలతో వత్తురు; దొంగలు ఊరినంతటిని ఎదుర్కొనవలసి వచ్చును. కాని దొంగలు కేకకంటె వేగముగా వచ్చి పోయినచో ఊరిబలము ఏమి యుపయోగము? ఆ ఒక్క ఇల్లే నష్టమునంతటిని భరింపవలెను. లోహపు పలకలోను దెబ్బ వార్త ఒక వేగముతోనే ప్రాకును. అల్యూమినియములో అది సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. దెబ్బ అంతకంటె వేగమైనదైనచో పలకలోని తక్కిన భాగము సాయపడుటకు తీఱిక యుండదు. తగిలిన చోటు క్షణములో నలిగి, కరగి, నీటివలె చిమ్మును. పలక మందమై చిల్లు పడకున్నను, దెబ్బ తాకిడికి లోపలివైపున పెచ్చులూడి, ఆ పెచ్చులే గుండ్లై లోనివారిని కొట్టవచ్చును. పైగా భూమినుండి ఎత్తవలసిన ప్రతి కిలోకును విశేషముగా ఇంధనము వెచ్చింపవలెను. నాలుగంగుళముల ఉక్కు తొడిగిన ఓడ నేల విడిచి లేవనే లేవదు.

అయితే దొంగ వేగము ఊరికెట్లు ముప్పో, దొంగకును అట్లే ముప్పు. వచ్చు తునుకయు లోహమే గదా! దాని ముందుభాగము అడ్డుకు తగిలిన వార్త వెనుకభాగమునకు చేరకముందే వెనుకది వచ్చి ముందుదానిపై పడును. అది తనలో తానే నలిగి, పగిలి, కరగి, కొంత ఆవిరియై పోవును. శత్రువు వేగమే శత్రువును చంపునట్లు చేయవచ్చునని మొదట గ్రహించినవాడు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ విపుల్. ఉల్కలను, తోకచుక్కలను చిరకాలము పరిశీలించిన ఆయన, మానవుడింకను ఒక్క ఉపగ్రహమునైనను పంపకముందే, 1947లో ఉల్కలవలన వ్యోమనౌకలకు గలుగు ప్రమాదమును గూర్చి వ్రాయుచు ఒక ఉపాయము సూచించెను. ఓడ గోడకు ముందు, కొంత యెడముగా, పలుచని రేకును నిలుపవలెననునదియే ఆ ఉపాయము. తునుక ఆ రేకును తాకి చిల్లు పొడుచును; కాని పొడుచుటలో తానే పొడియగును. ఆ పొడి నడిమి చోటులో మేఘమువలె విచ్చుకొని, వెనుకగోడను ఒక్కచోట గాక విశాలముగా తాకును. మన్నుగడ్డ తలపై పడినచో తల పగులును. ఆ గడ్డయే చిట్లి దుమ్మై పడినచో ఒడలు దులుపుకొని పోవుదుము. విపుల్ ఉపాయములోని సారమింతే.

ఆకాశమున ఎన్ని రాళ్లు, ఎంత వేగముతో వచ్చుచున్నవో తెలిసిననే గాని కవచమును ఊహింపజాలము. ఆ యెఱుక సంపాదించుటలో మన హైదరాబాదునకును వంతు కలదు. 1901లో నవాబు జాఫర్ జంగు ఫిసల్‌బండలో స్థాపించిన నిజామియా వేధశాల నక్షత్రములను ఛాయాచిత్రముల మూలమున లెక్కించు ప్రపంచప్రయత్నములో పాలుపంచుకొన్నది. ఉస్మానియా కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన మహమ్మద్ అబ్దుర్రహమాన్ ఖాన్‌గారు 1930, 1940 దశకములలో హైదరాబాదునుండి ఉల్కలను చూచి, గుర్తించి, తమ పరిశీలనలను విదేశ పత్రికలకు పంపుచుండిరి. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడై, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో హార్వర్డునకేగిన వేణు బాప్పు 1949లో అచ్చట ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. విపుల్ అప్పుడు ఆ విశ్వవిద్యాలయమునందే ఆచార్యుడు. తోకచుక్క యనగా ధూళి కలిసిన మంచుగడ్డ యని 1950లో ఆయన ప్రతిపాదించెను.

ఆ తోకచుక్కయే ఆయన కవచమునకు పరీక్ష పెట్టినది. 1910లో మన తాతముత్తాతలు భయముతో చూచిన హేలీ తోకచుక్క 1986లో మరల వచ్చినపుడు, ఐరోపా దేశములవారు జొట్టో అను యంత్రనౌకను దాని కెదురు పంపిరి. వాటి యెదురువేగము సెకనుకు 68 కిలోమీటర్లు. నౌకకు ముందొక మిల్లీమీటరు మందపు అల్యూమినియపు రేకు, దాని వెనుక 25 సెంటీమీటర్ల ఖాళీ, ఆ పిమ్మట కెవ్లార్ అను గట్టి నారతో చేసిన 12 మిల్లీమీటర్ల పలక. మార్చి 13, 14 తేదీల నడిమి రాత్రి జొట్టో తోకచుక్క గర్భమునకు 596 కిలోమీటర్ల దూరమున పోయినది. అత్యంత సామీప్యమునకు కొన్ని సెకనులకు ముందు ఒక గ్రాము ప్రాయపు రేణువు తగిలి నౌక ఊగిసలాడెను. భూమికి వార్తలు తెగిపోయినవి. అరగంటకు మరల సరిగా అందినవి. కెమెరా చెడిపోయినది గాని నౌక బ్రతికినది. 1992లో వేఱొక తోకచుక్కను గూడ దర్శించినది.

అటుపిమ్మట కవచము పెక్కు విధముల సంస్కరింపబడెను. రెండు గోడల నడుమ పింగాణి నారతో నేసిన బట్టను, కెవ్లార్ బట్టను వ్రేలాడగట్టుట అందొకటి. తునుకను ఒక్కమారు గాక మరల మరల కొట్టి పొడిచేయుట దాని ఉద్దేశ్యము. వీనిని నేలమీద పరీక్షించుటకు మామూలు తుపాకిమందు చాలదు. హైడ్రోజను వాయువును ముషలముతో మిక్కిలిగా నొక్కి, దాని ఒత్తిడితో గింజను విసరు ప్రత్యేకపు తుపాకులను వాడుదురు. ఆ పరీక్షలలో ఒక విచిత్రము తేలినది. సెకనుకు 7 కిలోమీటర్ల వేగపు తునుకకంటె 3 కిలోమీటర్ల వేగపు తునుక ఈ కవచమునకు ఎక్కువ ప్రమాదకరము కావచ్చును. మెల్లగా వచ్చినది రేకును తాకి పొడికాక, గట్టిముక్కగానే వెనుకగోడను చేరును గదా!

ఊహాశక్తిగల శాస్త్రజ్ఞులు ఇంకను ముందుకు పోయిరి. 1973 మొదలు 1978 వఱకు ఇంగ్లండులోని గ్రహాంతరయాన సంఘమువారు "డీడలస్" అను నౌకను కాగితముపై రూపొందించిరి. దాని గమ్యము సుమారు 6 కాంతిసంవత్సరముల దూరముననున్న బర్నార్డు నక్షత్రము. వేగము కాంతివేగములో నూటికి 12 వంతులు. ఆ వేగమున ఒక గ్రాము రాయి తగిలినచో 150 టన్నుల మందుగుండు పేలినట్లే. దారిలోని సన్నని ధూళికై వారు నౌక ముందు 7 మిల్లీమీటర్ల బెరీలియపు పలకను తలపెట్టిరి. గమ్యము సమీపించునప్పటి పెద్ద రేణువులకై నౌకకు 200 కిలోమీటర్ల ముందు ఒక దుమ్ముమేఘమును నడిపింపదలచిరి. ఎదురువచ్చు రాయి ఆ దుమ్మును తాకి ఆవిరియై పోవును. గోలకొండ తలుపు ముందరి గోడ ఇచ్చట దుమ్ముగోడయైనది. వేగము పెరిగిన కొలది గోడ పలుచనగుటయు, నడిమి యెడము పెరుగుటయు చూచితిరి గదా!

ఇంతవఱకు విన్నవారికి మానవుడు గెలిచినాడని తోచవచ్చును. కాని నేడు భూమి చుట్టు తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రపు అత్యుత్తమ కవచము కూడ సుమారు ఒక సెంటీమీటరు తునుకవఱకే ఆపగలదు. పది సెంటీమీటర్లకు మించిన వానిని నేలనుండి కనిపెట్టి, కేంద్రమునే ప్రక్కకు తప్పింతురు. ఈ రెంటి నడిమి పరిమాణము గలవి కనబడవు, ఆగవు. అట్టివి పది లక్షలకు పైగా నున్నవని అంచనా.

ఇవి ఎచ్చటివి? విపుల్ భయపడిన ఉల్కలు కావు, మనము పాఱవేసినవి. చెడిన ఉపగ్రహములు, పేలిన రాకెట్టు తొట్లు, ఒండొంటిని ఢీకొన్న యంత్రముల ముక్కలు. 1978లోనే డోనాల్డ్ కెస్లర్ అను శాస్త్రజ్ఞుడు, తునుక తునుకను కొట్టి మఱిన్ని తునుకలు పుట్టి, అవి మఱిన్నిటిని కొట్టు దినము రావచ్చునని హెచ్చరించెను. అయినను బలప్రదర్శనకై దేశములు తమ ఉపగ్రహములను తామే పగులగొట్టినవి. 2007 జనవరిలో చైనా సుమారు 860 కిలోమీటర్ల ఎత్తున ఒకదానిని పగులగొట్టగా మూడువేలకు పైగా ముక్కలు గుఱుతింపబడినవి. ఆ యెత్తున అవి దశాబ్దముల తరబడి తిరుగును. 2019 మార్చి 27న మన దేశమును ఆ ప్రయోగము చేసినది. నాటి రక్షణ పరిశోధన సంస్థ అధిపతి నెల్లూరుసీమవాడైన సతీష్‌రెడ్డిగారు. ఆ సంస్థయొక్క క్షిపణి ప్రయోగశాలలకు హైదరాబాదు నిలయము. ముక్కలు త్వరగా రాలిపోవలెనని సుమారు 300 కిలోమీటర్ల తక్కువ యెత్తును ఎంచుకొనిరి. చాలభాగము కొలది మాసములలో రాలి మండిపోయినవి. కొన్ని పైకెగసి అంతకంటె ఎక్కువకాలము నిలిచినవి. మన శాస్త్రజ్ఞుల నేర్పు గొప్పదే. ఆ యెంపికలోని జాగ్రత్తయు మెచ్చదగినదే. కాని త్వరగా ఆఱిపోవు నిప్పైనను గడ్డివామి ప్రక్కన వేసిన నిప్పే యని ఒప్పుకొనవలెను.

ఆ నిప్పు మనవారి యింటికే చేరిన సందర్భమొకటి చెప్పెదను. రాజా చారి అమెరికా వ్యోమగామి. ఆయన తండ్రి హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి అమెరికాకు తరలిపోయినవారు. 2021 నవంబరు 11న రాజా చారి నాయకుడుగా నలుగురు అంతరిక్ష కేంద్రమును చేరిరి. నాలుగు దినములకు, నవంబరు 15న, రష్యా తన పాత ఉపగ్రహమును క్షిపణితో పగులగొట్టినది. గుఱుతింపదగిన ముక్కలే పదునైదు వందలకు మించినవి. కేంద్రమున నున్న ఏడుగురిని నిద్రనుండి లేపి, తలుపులు మూసికొనుమని, తాము వచ్చిన ఓడలలో తలదాచుకొనుమని నేలనుండి ఆజ్ఞ వచ్చెను. అవసరమైనచో వెంటనే భూమికి దిగివచ్చుటకు అదియే దారి. ఆ ఏడుగురిలో ఇద్దఱు రష్యా దేశీయులే! రాయి విసరినవాని బిడ్డలు, పొరుగువాని బిడ్డలు ఒకే కప్పు క్రింద కూర్చుండి ఆ రాయి వచ్చునా రాదా యని యెదురు చూచిరి. నాటికి ప్రమాదము తప్పినది.

ఇక గోలకొండ కథ ముగింతును. ఎనిమిది మాసములు ఫిరంగులకు లొంగని ఆ కోట 1687 సెప్టెంబరు 21న పడిపోయినది. గోడ కూలి కాదు. అబ్దుల్లాఖాన్ పన్నీ యను సేనాని శత్రువు ధనమునకు లోబడి లోపలినుండి ద్వారము తెఱపించెను. అబ్దుర్ రజాక్ లారీ ఒడలెల్ల గాయములతో పోరాడినను అప్పటికి గోడకు అర్థము లేకపోయెను.

అడ్డుగోడ బయటివాని వేగమును విఱుచును. లోపలివాని చేతిని ఆపజాలదు. విపుల్ కవచము ప్రకృతి విసరు రాళ్లకై పుట్టినది. మనము విసరిన రాళ్లన్నిటిని అది మోయలేదు. ఊరుమ్మడి చెఱువులో చెత్త పోయరాదని మన గ్రామములలో కట్టుబాటు ఎట్లు పుట్టినదో, ఆకాశమునకును అట్టి కట్టుబాటు పుట్టవలసియున్నది. 2022 డిసెంబరులో, ఇట్టి విధ్వంస ప్రయోగములు చేయరాదను తీర్మానమును ఐక్యరాజ్యసమితిలో 155 దేశములు బలపఱచినవి. మన దేశము ఏ పక్షమునను వోటు వేయలేదు. అయినను 2030 నాటికి తన ఆకాశయాత్రలలో చెత్త మిగుల్పకుండుటను లక్ష్యముగా పెట్టుకొన్నట్లు మన దేశము 2024లో ప్రకటించినది. ఆ మాట నిలుపుకొనుటయే మన బిడ్డల ఓడలకు మొదటి గోడ. రేకులు, నారలు, పలకలు దాని వెనుకనే నిలువవలెను. కావున బొల్లారము పెద్దలకు నా సమాధానమిది: ఉక్కు మందము చాలదు, గోడకు ముందు గోడ కావలెను, ఆ గోడకును ముందు రాయి విసరని చేయి కావలెను.